మా పిస్తోలు మొరాయించదండీ

పాత జేబు పిస్తోలు ఉన్న పెద్దమనిషి దగ్గర అదెలా పనిచేస్తుందన్న ప్రస్తావన తేకండి. తెచ్చారా, ఆ పూటకి మీ పనులన్నీ మానుకోవాల్సిందే. "మాది ఇంతవరకూ ఒక్కసారి కూడా మొరాయించలేదండీ" అని మొదలవుతుంది. ఎన్నిసార్లు కాల్చారేమిటని తిరిగి అడగడం మర్యాద కాదు. అడిగినా ఆయన ముఖంలో కనిపించేది కోపం కాదు, అచ్చమైన ఆశ్చర్యం. బాగానే ఉన్నదాన్ని కాల్చడమెందుకు?

మా పెద్ద మామయ్య దగ్గర ఒకటుంది. బర్మింగ్‌హాంలో వెబ్లీ అండ్ స్కాట్ వాళ్లు చేసిన .25 పిస్తోలు. తాతగారి నుంచి పిస్తోలూ, దాని కీర్తీ కలిసే సంక్రమించాయి. మూసిన గుప్పిట్లో దాదాపు దాగిపోతుంది. అది విసిరే గుండు బరువు మూడు గ్రాముల చిల్లర. దాన్ని చూసి దొంగ భయపడాలంటే ముందు అది పిస్తోలని వాడికి మనమే చెప్పాలి.

ఏటా దసరాకి బీరువాలోంచి బయటికొస్తుంది. ఆయుధ పూజనాడు స్కూటరు తాళాలు, మిక్సీ, కుట్టుమిషను కత్తెర పక్కన పీట మీద కూర్చుంటుంది. అత్తయ్య పసుపు రాసి కుంకుమ బొట్టు పెడుతుంది. మామయ్య నాలుగు చుక్కలు కొబ్బరినూనె వేసి, పాత పంచె ముక్కతో తుడిచి, మళ్లీ బీరువాలో పెట్టేస్తాడు. జేబు పిస్తోళ్లకి జేబులోని నూగే పెద్ద శత్రువంటారు. మన పిస్తోళ్లు జేబుదాకా ఎక్కడొస్తాయి? అందుకని ఆ బాధ్యత దసరా తీసుకుంది.

ఇంత గట్టి నమ్మకానికి సర్కారు సాయం కూడా కొంత ఉంది. 1980ల మధ్య నుంచి మామూలు జనం విదేశీ తుపాకులు దిగుమతి చేసుకునే దారి మూసుకుపోయింది. అప్పటికే దేశంలో ఉన్న వెబ్లీలు, కోల్టులు, బ్రౌనింగులు, వాల్తర్లే చేతులు మారుతున్నాయి. అది పుట్టిన దేశంలో ఎవరూ పెద్దగా పట్టించుకోని పిస్తోలు ఇక్కడ లక్షల్లో పలుకుతుంది. ఇక తూటాలు. .32వి మన ప్రభుత్వ కర్మాగారాలే చేస్తాయి కాబట్టి లైసెన్సు పుస్తకంలో రాసినన్ని కొనుక్కోవచ్చు. .25వి దొరకడం గగనం. ఉన్న కాసిని తూటాలు కాల్చేస్తే రేపు అవసరమొస్తే ఏంచేయాలి? కాల్చకపోతే అవి పేలతాయో లేదో ఎలా తెలుస్తుంది? మామయ్య ఈ మీమాంసలోకి దిగడు. తూటాలు లెక్కపెడతాడు, సరిపోయాయంటాడు, డబ్బా మూత పెడతాడు.

ఈ పిస్తోళ్ల యజమానులందరూ ఒకచోట కలిసేది ఎన్నికలొచ్చినప్పుడే. కోడ్ అమల్లోకి రాగానే లైసెన్సు తుపాకులు స్టేషన్లో డిపాజిట్ చేయమంటారు. నాయకులు బయటికొచ్చే రోజుల్లో తుపాకులు లోపలికెళతాయన్నమాట. మొన్నామధ్య మామయ్యకి తోడుగా నేనూ వెళ్లాను. స్టేషన్ రైటర్ గారు నంబర్లు రాసుకుంటుంటే బయట వేపచెట్టు కింద సభ తీరింది. రైస్‌మిల్లు యజమాని దగ్గర కోల్ట్ 1903, .32. వకీలు గారిది వాల్తర్ పీపీకే. ఒక రిటైర్డ్ సుబేదారు గారి దగ్గరున్నది రెండు గొట్టాల పన్నెండు బోరు మాత్రమే గానీ, అభిప్రాయాల్లో అందరికంటే సంపన్నుడు ఆయనే.

"కోల్టుకి తిరుగులేదండీ. అమెరికా సైన్యం తన జనరళ్లకి ఇదే ఇచ్చింది" అన్నాడు మిల్లు యజమాని. అది నిజమే.

"జనరళ్లు ఎప్పుడు కాల్చారు సార్?" అన్నారు సుబేదారు గారు.

వకీలు గారు గొంతు సవరించుకున్నారు. "పీపీకే అంటే జేమ్స్ బాండ్ పిస్తోలండీ. ఇంకేం చెప్పాలి?"

చెప్పాల్సింది చాలానే ఉంది. బాండ్ చేతిలో మొదట ఉన్నది .25 బెరెట్టా. 1956లో జెఫ్రీ బూత్‌రాయిడ్ అనే తుపాకుల నిపుణుడు, బాండ్ అభిమానే, అది ఆడవాళ్ల చేతిసంచిలోకి తప్ప పనికిరాదన్న ధోరణిలో రచయిత ఇయాన్ ఫ్లెమింగుకి ఉత్తరం రాశాడు. ఫ్లెమింగ్ కోప్పడలేదు సరికదా, 1958 నాటి 'డాక్టర్ నో' నవలలో బాండ్ చేతిలోంచి బెరెట్టా లాగించేసి వాల్తర్ పీపీకే పెట్టించాడు. పెట్టించే అధికారికి మేజర్ బూత్‌రాయిడ్ అని పేరు కూడా పెట్టాడు. అభిప్రాయం చెప్పినందుకు నవలలో ఉద్యోగం దొరికిన పిస్తోలు ప్రేమికుడు నాకు తెలిసి ఆయనొక్కడే. సినిమాలోనైతే బెరెట్టా కిందటిసారి పట్టేసిందనే నెపం మీదే మార్పిస్తారు. ఆ దెబ్బతో వాల్తర్ అంటే పట్టెయ్యని పిస్తోలని లోకానికి స్థిరపడిపోయింది.

ఆ తర్వాత 1974 మార్చి 20 వచ్చింది. లండన్లో, రాణిగారి ప్యాలెస్‌కి దగ్గర్లోనే, మాల్ రోడ్డు మీద ఒకడు యువరాణి ఆన్ కారుకి తన కారు అడ్డంపెట్టి ఆమెని ఎత్తుకుపోబోయాడు. అంగరక్షకుడు ఇన్‌స్పెక్టర్ జేమ్స్ బీటన్ దగ్గర ఉన్నది వాల్తర్ పీపీకే. ఒక తూటా కాల్చాడు, గురి తప్పింది. రెండోదానికి పిస్తోలు పట్టేసింది. అయినా ఆయన పక్కకి తప్పుకోలేదు. మూడు గుళ్లు తిన్నాడు, బతికాడు, జార్జ్ క్రాస్ పతకం అందుకున్నాడు. ఆ మహానుభావుడు మొరాయించలేదు, మొరాయించింది పిస్తోలే. లండన్ పోలీసులు తరవాత ఆ పిస్తోళ్లని పక్కన పెట్టేశారు.

ఈ కథంతా నేను వేపచెట్టు కింద వినిపించాను. వకీలు గారు కాసేపు ఆలోచించి, "అది సర్కారు పిస్తోలు కదండీ. వాళ్లు సరిగ్గా చూసుకోరు. నాది సొంతం" అన్నారు. కోర్టులో ఈయన కేసులు ఎలా గెలుస్తారో అప్పుడర్థమైంది.

మామయ్యకి తన వెబ్లీ చర్చలోకి రావడం లేదన్న బెంగ పట్టుకుంది. "లండన్ పోలీసులకి వాల్తర్ కంటే ముందు వెబ్లీనే ఉండేది, 1911 నుంచి" అన్నాడు. అదీ నిజమే గానీ, వాళ్లది .32. మామయ్యది దానికి చిట్టి తమ్ముడు. ఆ తేడాని మామయ్య ఎక్కడా ఎత్తడు.

అసలు ఈ చిన్న పిస్తోళ్లన్నిటికీ గురుస్థానంలో ఉన్నవాడు అమెరికన్ జాన్ బ్రౌనింగ్. .25, .32 తూటాలు రెండూ ఆయన బుర్రలో పుట్టినవే. ఆయన గీసిన 1910 మోడలు బెల్జియంలో తయారైంది. అందులో ఒకటి 1914 జూన్ 28న సారయెవోలో గవ్రీలో ప్రిన్సిప్ చేతిలో ఉంది. రెండు తూటాలు, ఆస్ట్రియా యువరాజు, ఆయన భార్య ఇద్దరి ప్రాణాలు, దాని వెంట ప్రపంచ యుద్ధం, ఆ దెబ్బకి నాలుగు సామ్రాజ్యాలు మాయం. ఆ పిస్తోలు ఇప్పుడు వియన్నా సైనిక మ్యూజియంలో ఉంది. పనితనానికి ఇంతకంటే సాక్ష్యమేం కావాలన్నాడు మిల్లు యజమాని.

"అదొక్కటి పట్టేసుంటే మా తాత మెసపొటేమియా పోయేవాడు కాదు సార్" అన్నారు సుబేదారు గారు. ఆ తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మా తమ్ముడు డల్లాసులో ఉంటాడు. అక్కడి వైభవం వేరు. తూటాలు డబ్బాలకి డబ్బాలు, రేంజికి పోయి సాయంత్రం దాకా కాల్చుకోవచ్చు. 1968లో అమెరికా వాళ్లు ఒక చట్టం తెచ్చి చిట్టి విదేశీ పిస్తోళ్ల దిగుమతికి అడ్డుకట్ట వేశారు. వెంటనే దక్షిణ కాలిఫోర్నియాలో జింకు మిశ్రమంతో పోతపోసిన చవక పిస్తోళ్లు మొదలయ్యాయి. రేవెన్ అనే .25 వాటిలో పేరున్నది. అవి ఉన్నవాళ్లు కూడా "మాది మొరాయించదు" అనే అంటారట. కళ్లముందే ఖాళీ షెల్, పిస్తోలు పైన ముందుకీ వెనక్కీ జరిగే స్లైడులో ఇరుక్కుని నిలబడితే? "ఈ కంపెనీ తూటాలు దీనికి పడవు" అంటారు. తూటా మార్చినా పట్టేస్తే మ్యాగజైను తప్పు. మ్యాగజైను మార్చినా పట్టేస్తే నువ్వు మణికట్టు గట్టిగా పెట్టలేదు. ఆడలేక మద్దెల ఓడన్నారు మన పెద్దలు. ఇక్కడ మద్దెల ఎప్పుడూ గట్టిదే, ఓడంతా వాయించేవాడిది. వెయ్యి తూటాలు కాల్చిన డల్లాసువాడూ, ఒక్కటీ కాల్చని మా మామయ్యా చివరికి ఒకే మాట మీదికి వస్తున్నారంటే, ఆ మాటకి తూటాలతో సంబంధం లేదని తేలిపోవడం లేదూ?

మణికట్టు సంగతి మాత్రం పూర్తిగా సాకు కాదు. పిస్తోలు చిన్నదైన కొద్దీ స్లైడు వెనక్కి పోయే దూరం తక్కువ, ఖాళీ షెల్ బయటికి పోయి కొత్త తూటా పైకి లేవడానికి దొరికే సమయమూ తక్కువ. చెయ్యి వదులైతే స్లైడు పూర్తిగా వెనక్కి పోదు. మ్యాగజైను స్ప్రింగు అలిసిపోతే తూటా వేళకి పైకి రాదు. .22లో మందు అంటుకునే పదార్థం తూటా అంచులో ఉంటుంది, .25లో నడిమధ్యన ఉంటుంది, అందుకని .22 కంటే .25 తుస్సుమనడం తక్కువ. బెరెట్టా 950 అయితే ఖాళీ షెల్‌ని లాగే కొక్కెమే లేకుండా చేశారు. తుస్సుమన్న తూటాని తీయాలంటే గొట్టం వెనకవైపు పైకి లేపుకోవాలి. నాకు అన్నిటికంటే నచ్చింది అదే. మొరాయిస్తానని ముందే ఒప్పుకున్న పిస్తోలు.

ఎన్నికలయ్యాక మామయ్యని బలవంతాన తుపాకుల షాపుకి తీసుకెళ్లాను. అక్కడి సాయిబు గారు ముసలివారు, మాట పొదుపు. మామయ్య మ్యాగజైను తీసి "ఖాళీయే సాయిబు గారూ" అంటూ అందించాడు. ఆయన విననట్టే గొట్టాన్ని ఇసక బకెట్టు వైపు తిప్పి, స్లైడు లాగి, చిటికెన వేలితో తడిమి చూసి అప్పుడు పలికారు: "ఖాళీ అని ఇచ్చినవే పేలతాయి సార్."

విప్పారు. లోపలంతా గడ్డకట్టిన కొబ్బరినూనె, దాని మీద ఏళ్ల తరబడి పొరలు కట్టిన పసుపూ కుంకుమా. స్లైడు దారిలో ఎర్రటి చార. "పిస్తోలా సార్ ఇది, కుంకుమ భరిణా?" అన్నారు. స్ప్రింగు తీసి కొత్తదాని పక్కన పెట్టి చూపించారు. పాతది ఎత్తులో అర అంగుళం ఓడిపోయింది. ఇది తన కంటే వయసులో పెద్దదన్నారు.

నేను మామయ్య వైపు చూశాను. ఇప్పుడైనా ఒప్పుకుంటాడని.

"చూశావుట్రా అల్లుడూ," అన్నాడు మామయ్య కళ్లు మెరుస్తుండగా, "అంత కుంకుమలో కూడా ఇన్నేళ్లూ ఒక్కసారైనా మొరాయించిందా?"

కాబట్టి పాత జేబు పిస్తోలు కొనబోయేవాళ్లు యజమాని మాట వినండి, టీ తాగండి, వెళ్లి సాయిబు గారి లాంటి వాళ్లని అడగండి. ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్లకి ఒక విన్నపం. పసుపు కుంకుమలు పిస్తోలు మీద కాక కాగితం మీద పెట్టి పూజ చేయండి, లోపలికి తుపాకుల నూనె తప్ప మరొకటి పోయకండి, స్ప్రింగులు మార్పించండి. మ్యాగజైను తీసినా గొట్టంలో ఒక తూటా మిగిలి ఉండొచ్చు. దసరానాడు పీట మీద పెట్టేముందు స్లైడు లాగి ఒకసారి చూడండి. అన్నాళ్లూ మొరాయించని పిస్తోలు ఆ రోజు కూడా మొరాయించకపోవచ్చు.