రీలోడింగ్ బల్ల దగ్గర తలకిందుల సలహాలు

మంచి గ్రూప్ పడిన టార్గెట్ కాగితాన్ని ఇంటికి తెచ్చి గోడకు అంటించకండి. చెడ్డది పడిన కాగితాన్ని అంటించండి. వెయ్యి గజాల గురి కోసం తూటాలు సొంతంగా కట్టుకునేవాళ్లకు నేను చెప్పే మొదటి సలహా ఇదే. వినగానే చాలామంది మొహం చిట్లిస్తారు. కింద రాయబోయేవి కూడా అలాంటివే, రేంజిలో అనుభవజ్ఞులు చెప్పేదానికి అడ్డంగా ఉండేవే. పన్నెండేళ్లు టెక్సస్‌లో గరాజ్ బల్ల దగ్గర ప్రెస్ లీవర్ లాగి, రెండు బారెళ్లు అరగదీశాక గానీ ఇవి నాకు నమ్మకం కుదరలేదు.

కొత్తవాళ్ల కోసం ఒక ముక్క. తూటా పేలాక ఇత్తడి కేసు మిగులుతుంది. దాన్ని శుభ్రం చేసి, డైలో నొక్కి మళ్లీ కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్ ఎక్కించి, మందు తూచి పోసి, మీద బుల్లెట్ కూర్చోబెడితే మళ్లీ తూటా తయారు. దీన్నే రీలోడింగ్, హ్యాండ్‌లోడింగ్ అంటారు. బుల్లెట్, మందు, తూకం కలిసిన ఒక్కో కూర్పు ఒక లోడు. ఒకే గురికి కాల్చిన గుళ్లు కాగితం మీద పడిన గుంపు గ్రూప్. ఇందులో తూకాలన్నీ గ్రెయిన్లలో ఉంటాయి. ఒక గ్రెయిన్ దాదాపు 65 మిల్లీగ్రాములు, అంటే మన కంసాలులు బంగారం తూచిన గురివింద గింజలో ఇంచుమించు సగం.

ఇంకో మాట ఇక్కడే చెప్పేయాలి. ఇండియాలో లైసెన్సు లేకుండా ఇంట్లో తూటా కట్టడం 1959 నాటి ఆయుధాల చట్టం కింద నేరం. అమెరికాలో ఉన్న మన పిల్లలు కూడా గుర్తుపెట్టుకోవాలి. హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీనే కాదు, ఒక్క తూటాను కలిగి ఉన్నా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులున్నాయి గానీ, వాటి సంగతి లాయర్‌ని అడగాలి. రేంజిలో స్నేహితుణ్ణి అడిగి సరిపెట్టుకోకూడదు.

ఇక గోడ మీది కాగితం సంగతి. నిరుడు చలికాలంలో గుంటూరు వైపు అబ్బాయి ఒకతను మా రేంజిలో పరిచయమయ్యాడు. గ్రీన్‌కార్డు వచ్చిన ఏడాదే రైఫిల్ కొన్నాడు. ఇరవై రకాల లోడ్లు కట్టుకొచ్చాడు, ఒక్కోటి మూడేసి తూటాలు. మధ్యాహ్నానికి పరుగులాంటి నడకతో వచ్చి "ఇది చూడన్నా" అన్నాడు. వంద గజాల దూరంలో మూడు రంధ్రాలు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. ఇదే నా లోడు, ఇక మార్చను అన్నాడు. ఇదే లోడు ఇంకో ఏడు కట్టుకుని వచ్చే వారం ఇదే కాగితం మీద కాల్చమన్నాను. కాల్చాడు. పది రంధ్రాలూ కలిపి కొలిస్తే అంగుళం దాటింది. "ఎనిమిదోది ఫ్లయర్ అన్నా, దారి తప్పిన గుండు, అది లెక్కలోకి రాదు" అన్నాడు.

ఎందుకు రాదు? అతని తప్పు అక్కడే ఉంది, నేను ఎన్నో ఏళ్లు చేసిన తప్పూ అదే. ట్రిగ్గర్ నొక్కిన క్షణంలోనే, రంధ్రం చూడకముందే "ఇది జారింది" అని పైకి చెప్పి ఉంటే ఆ గుండును పక్కన పెట్టొచ్చు. చూశాక చెబితే కుదరదు. ఆ రైఫిల్, ఆ తూటా, ఆ భుజం కలిసి వేయగలిగిన చోటే అది పడింది. లోడు ఏమాత్రం మారకపోయినా, పది గుళ్ల గ్రూప్ మూడు గుళ్ల గ్రూప్ కంటే సగటున ఒకటిన్నర రెట్ల పైనే పెద్దగా వస్తుంది. ఇరవై రకాల లోడ్లు మూడేసి కాలిస్తే వాటిలో ఏదో ఒకటి ముచ్చటగా పడి తీరుతుంది. ఆ ముచ్చట లోడుది కాదు, ఇరవై సార్లు పాచికలు వేయడంది.

వేగం లెక్క ఇంకా మోసం చేస్తుంది. ఇప్పుడు అందరి దగ్గరా బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఉంది. అయిదు తూటాలు కాల్చి "ఎస్‌డీ ఆరు వచ్చింది" అని మురిసిపోతారు. ఎస్‌డీ అంటే బుల్లెట్ల వేగాలు సగటు నుంచి ఎంత చెదురుతున్నాయో చెప్పే కొలత, సెకనుకు అడుగుల్లో. అయిదు తూటాల మీద ఆరు వస్తే, అసలు విలువ మూడున్నర నుంచి పదిహేడు దాకా ఎక్కడైనా ఉండొచ్చని గణితం చెబుతుంది. మూడున్నర అయితే ప్రపంచస్థాయి లోడు, పదిహేడు అయితే పారబోయాల్సిన లోడు. ఈ రెండింటి మధ్య తేడా చెప్పలేని పరీక్షను పరీక్ష అనొచ్చా? ఇరవై తూటాలు కాలిస్తే అదే ఆరు నాలుగున్నరకూ తొమ్మిదికీ మధ్యకు వస్తుంది. అప్పుడు ఆ అంకెను పట్టుకుని మాట్లాడొచ్చు.

రెండో సలహా ఇంకా వింతగా తోస్తుంది. లోడు వెతికే ముందు, అబద్ధపు పరీక్ష ఒకటి చేయండి. తుపాకీ ప్రపంచంలో ల్యాడర్ టెస్ట్ అని ఒకటుంది, క్రైటన్ ఆడెట్ అనే షూటర్ పేరుతో ప్రసిద్ధం. మందు తూకం కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయి, ఒక్కో తూకానికి ఒక్కో తూటా కాల్చి, ఎక్కడ వరుసగా రెండు మూడు ఒకే ఎత్తులో పడ్డాయో చూస్తారు. ఇప్పుడు ఎత్తుకు బదులు వేగం చూసేవాళ్లూ ఉన్నారు. అక్కడ 'నోడ్' దొరికిందంటారు. మీరు మాత్రం రీలోడింగ్ పుస్తకం ఒప్పుకునే మధ్యరకం తూకం ఒక్కటే తీసుకుని, ఒకేలా పది తూటాలు కట్టండి. కేసుల మీద ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసి, అవి పది వేర్వేరు తూకాలే అనుకుని వరుసగా కాల్చి, వేగాలు గ్రాఫ్ కాగితం మీద గీయండి. చదునైన చోటు ఒకటి కనిపించే అవకాశమే ఎక్కువ. నేను నాలుగుసార్లు చేస్తే మూడుసార్లు అందమైన 'నోడ్' దొరికింది. తూకం మారకుండానే దొరికిన ఆ నోడ్‌ను చూశాకే, అంతకుముందు ఆరేళ్లలో నేను కనిపెట్టాననుకున్న నోడ్‌లన్నీ కళ్లముందు తిరిగాయి. వాటి కోసం కాల్చిన ప్రైమర్లకు లెక్కలేదు.

ఇరవయ్యేసి తూటాలతో చూసినా తేడాలు రావని నేను అనడం లేదు. బుల్లెట్ మారిస్తే తేడా వస్తుంది. మందు రకం మారిస్తే వస్తుంది. బారెల్ మారిస్తే అన్నిటికంటే పెద్ద తేడా వస్తుంది. గ్రెయిన్‌లో పదో వంతు మారిస్తే వచ్చేది చాలా చిన్నది, దాన్ని పట్టుకోవడానికి కాల్చాల్సినన్ని తూటాలు మనం కాల్చం.

మందు తూచడం గురించి కూడా అందరూ తలో మాట అంటారు. పొడవు కడ్డీల్లాంటి రైఫిల్ మందులో ఒక్క పలుకు బరువు గ్రెయిన్‌లో యాభయ్యో వంతు ఉంటుంది. ఆ ఒక్క పలుకును పట్టకారుతో తీసి, మళ్లీ పెట్టి, ఖరీదైన త్రాసు అంకె కదిలే దాకా ఊపిరి బిగబట్టే మనుషుల్ని నేను చూశాను. నేనూ చేశాను. .308 విన్‌చెస్టర్ తూటాలో ఆ పలుకు మార్చే వేగం సెకనుకు ఒక అడుగు. వెయ్యి గజాల దూరంలో అది అర అంగుళం కూడా కాదు. ఎఫ్-క్లాస్ అనే దూరపు పోటీ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం పది అంగుళాలు. అదే .308 బుల్లెట్‌ను గంటకు ఒకే ఒక్క మైలు వేగంతో వీచే గాలి అడ్డంగా ఎనిమిది నుంచి పది అంగుళాలు తోస్తుంది. అంటే చెంప మీద చల్లగా తగలని గాలి కూడా మధ్యలో పడాల్సిన గుండును పది వలయం బయట పడేస్తుంది. పలుకు పట్టుకుని కూర్చున్న ఆ అరగంట దేనికి ఖర్చుపెట్టాలో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే తెలుస్తుంది. రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కాల్చే వంద గజాల బెంచ్‌రెస్ట్ పోటీల్లో ప్రపంచంలోకెల్లా చిన్న గ్రూపులు వేసేవాళ్లు కూడా రేంజిలోనే కొలపాత్రతో మందు పోసుకోవడం మామూలే. ఎస్‌డీ పదిలోపు వచ్చిందని ఇరవై తూటాల మీద తేలితే త్రాసు పక్కన పెట్టేయండి.

కేసు మెడను కాల్చి మెత్తబరచడం, బుల్లెట్ వంకర కొలవడం, ప్రైమర్ గూడు గీయడం లాంటివి సరదా ఉంటే చేసుకోండి. నేను మొదటిదొక్కటే చేస్తాను, అదీ కేసులు ఎక్కువసార్లు పనికొస్తాయని.

వేగం దగ్గర నా మాట ఎవరికీ రుచించదు. తగ్గించుకోండి. పుస్తకంలో ఉన్న గరిష్ఠ తూకాన్ని మన బారెల్ తట్టుకుంటోంది కదా అని చివరి మెట్టు దాకా వెళతాం, గాలికి తక్కువ కొట్టుకుపోతుందని. .308లో సెకనుకు యాభై అడుగులు వదులుకుంటే పది మైళ్ల అడ్డగాలిలో పెరిగేది మూడు నాలుగు అంగుళాలు. గాలిని అర మైలు తప్పు చదివినా అంతే పోతుంది. ఒక జనవరిలో గీత దాకా ఎక్కించి కట్టిన తూటాలనే నేను ఆగస్టు పోటీకి తీసుకెళ్లాను. టెక్సస్ ఎండ, వేడెక్కిన బారెల్, గాలి మారేదాకా ఛాంబర్‌లోనే ఉడికిన తూటా. పన్నెండో గుండుకు బోల్ట్ బిగుసుకుపోయింది. అరచేత్తో కొట్టి తెరిస్తే ప్రైమర్ పలకలా అణిగి ఉంది. ఇంకొంచెం ఎక్కువైతే ఏం జరిగేదో ఊహించుకుంటే ఈ రోజుకీ చేతులు చల్లబడతాయి. ఆ రోజే మిగతా తూటాలన్నీ విప్పేశాను. అయితే తగ్గించడానికీ హద్దుంది. వెయ్యి గజాల దగ్గర బుల్లెట్ ఇంకా ధ్వని వేగం కంటే పైనే ఉండాలి. 168 గ్రెయిన్ల సియెర్రా మ్యాచ్‌కింగ్ ఆరు వందల గజాల దాకా ఎంతో మర్యాదగా వెళ్లి, ధ్వని వేగం దగ్గరికి దిగగానే తూలడం ఈ ఆటలో అందరికీ తెలిసిన సంగతే. అందుకే దూరానికి 155, 175 గ్రెయిన్ల బుల్లెట్లు వాడతారు.

భద్రత విషయంలో మాత్రం నా దగ్గర తలకిందుల మాట ఒక్కటీ లేదు. పుస్తకం చెప్పిన కనీస తూకంతో మొదలుపెట్టాలి. బల్ల మీద ఒక్క మందు డబ్బానే ఉండాలి. ఎవరి లోడో విని కట్టకూడదు, నాది కూడా. ఈ వ్యాసంలో నా తూకం ఎందుకు రాయలేదని అడిగితే జవాబు అదే.

మా టెక్సస్‌లోనే, హ్యూస్టన్‌లో, 1980ల తొలినాళ్లలో కొందరు బెంచ్‌రెస్ట్ షూటర్లు ఒక పెద్ద గోదాములో తలుపులు మూసుకుని వంద గజాల దూరం కాల్చి చూశారు. గాలి లేని చోట రైఫిల్ ఏం చేయగలదో తెలుసుకోవాలని వాళ్ల తపన. హ్యూస్టన్ వేర్‌హౌస్ పేరు ఈ ఆటలో ఇప్పటికీ భక్తిగా చెప్పుకుంటారు. నేను దాన్నుంచి నేర్చుకున్నది వేరు. లోడ్ల మధ్య సన్నని తేడా కంటికి కనబడాలంటే అంత నేర్పరులు కూడా గాలికి దూరంగా గోదాములోకి వెళ్లాల్సి వచ్చింది. మనం కాల్చేది బయట.

బిస్లీ కథ ఇంకా నచ్చుతుంది. ఇంగ్లండ్‌లో 1890 నుంచీ నేషనల్ రైఫిల్ అసోసియేషన్ పోటీలు అక్కడే జరుగుతున్నాయి. క్వీన్స్ ప్రైజ్ కోసం పోటీపడిన టార్గెట్ రైఫిల్ వాళ్లకు చాలా ఏళ్లపాటు నిర్వాహకులే తూటాలు పంచారు. అందరికీ ఒకే తూటా. సొంతంగా కట్టుకున్నది తేకూడదు. అయినా గెలిచినవాళ్లు గెలిచారు, ఓడినవాళ్లు ఓడారు. ఎగిరే జెండాల్నీ, ఎండమావిలా పొర్లే వేడి గాలినీ చదవగలిగినవాళ్లు, ఎవరో కట్టిన తూటాతోనే వెయ్యి గజాల దగ్గర నడిమధ్యన కొట్టారు. ఓహైయోలో ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న క్యాంప్ పెర్రీలో 1907 నుంచి జాతీయ పోటీలు జరుగుతున్నాయి. అక్కడ ఒకసారి సరస్సు గాలిని చూసినవాళ్లెవరూ ఇంటికొచ్చి మందు పలుకులు లెక్కపెట్టరు.

ఆ గుంటూరు అబ్బాయి ఇప్పుడు ఒకే బుల్లెట్, ఒకే మందు, ఒకే తూకంతో కాలుస్తున్నాడు. గోడ మీద ఆ పది రంధ్రాల కాగితం ఉంది. పోటీలో తన రైఫిల్ ఏం చేస్తుందో అది నిజం చెబుతుంది, ఎనిమిదో గుండుతో సహా.

వచ్చే ఆదివారం కొత్త మందు డబ్బా కొనకండి. ఉన్న లోడు యాభై తూటాలు కట్టుకుని, గాలి బాగా వీచే రోజు చూసి రేంజికి వెళ్లండి. ప్రతి గుండుకూ ముందే గాలి ఎంతో కాగితం మీద రాసుకుని, తర్వాత కాల్చండి.