హెచ్ఎస్ఏ అంకె కదపకుండా ఏడాది గడపడం ఎలా?

అమెరికాలో ఉద్యోగం చేసే మనవాళ్లకి సోనా మసూరి బస్తా ఏ స్టోరులో రెండు డాలర్లు తక్కువో తెలుసు. హైదరాబాదు టికెట్టు ఏ నెలలో కొనాలో తెలుసు. హెల్త్ సేవింగ్స్ అకౌంటుకి (హెచ్ఎస్ఏకి) జీతంలోంచి ఎంత పోతోందని అడగండి, "ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్‌లో ఏదో పెట్టాం" అంటారు. అంటాం. ఆ అంకెని డిసెంబరు దాకా పదిలంగా కాపాడుకోదలచినవారికి ఈ సలహాలు.

ముందుగా, మధ్యలో మార్చడం కుదరదని గట్టిగా నమ్మండి. పెళ్లో, పురుడో జరిగితే తప్ప ముట్టుకోకూడదన్న పట్టింపు ఫ్లెక్సిబుల్ స్పెండింగ్ అకౌంటుది, అంటే ఎఫ్ఎస్ఏది. హెచ్ఎస్ఏ కోతని కంపెనీ కనీసం నెలకోసారైనా మార్చుకోనివ్వాలి, కారణం చెప్పక్కర్లేదు. ఈ సంగతి ఎవరైనా ఎత్తితే క్రికెట్టులోకి దిగండి.

కంపెనీ వేసే డబ్బు లెక్కలోకి రాదనుకోండి. 2026లో పరిమితి ఒక్కరికైతే 4,400 డాలర్లు, కుటుంబానికి 8,750. కంపెనీ వాటా కూడా అందులోదే. ఉద్యోగం మారితే మరీ హాయి, పాతచోట ఎంత కోశారో కొత్త పేరోలుకి తెలియదు. భార్యాభర్తలు చెరో 8,750 నింపితే ఇంకా మేలు. మించినదాన్ని వెనక్కి తీయకపోతే ఏటా దాని మీద 6 శాతం సుంకం కట్టుకోవచ్చు.

మీ ఆయన ఆఫీసులో మామూలు ఎఫ్ఎస్ఏ తీసుకున్నారేమో అడక్కండి. ఉంటే మీకు హెచ్ఎస్ఏలో వేసే అర్హతే పోతుంది. పండగపూట ఎందుకు?

అన్నిటికన్నా నాకిష్టమైనది: "వచ్చే పేచెక్కు నుంచి పెంచుదాం." మార్చిలో ఇంటి డౌన్ పేమెంటు, జూన్‌లో ఇండియా ప్రయాణం, ఆగస్టులో పిల్లల ఫీజులు. చివరికి, మరుసటి ఏడాది ఏప్రిల్ 15 దాకా నేరుగా వేసుకోవచ్చులే అని ఊరట. నిజమే, ఆదాయపు పన్ను తగ్గుతుంది. పేరోలు ద్వారా వేస్తే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతల్లో కూడా మిగిలేది, అది మాత్రం రాదు. ఇదంతా తెలియక కాదు. లాగిన్ అయి మార్చడానికి పట్టే సమయం ఒక రీలు చూసినంత. కానీ అంకె పెంచామంటే ఈ ఏడు ఇంట్లో ఎవరో మంచాన పడతారని ఒప్పుకున్నట్టుంటుంది. జబ్బు కోసం డబ్బు దాస్తున్నానని ఫోన్లో చెబితే అమ్మ "ఆ మాటలేవిట్రా, తథాస్తు దేవతలుంటారు" అంటుంది. తగ్గించామంటేనో, చేతిలో డబ్బు ఆడడం లేదని ఒప్పుకున్నట్టు. కదపకపోతే రెండూ ఒప్పుకోనక్కర్లేదు.

రసీదులు పారేయండి. ఖాతా తెరిచాక అయిన వైద్యపు ఖర్చుకి ఎన్నేళ్ల తర్వాతైనా అందులోంచి తీసుకోవచ్చట. విజయవాడలో చేయించుకున్న రూట్ కెనాల్ బిల్లు కూడా పనికొస్తుంది. అందుకే అది సూట్‌కేసు అరలోనే ఉండనివ్వండి.

ఇంకా సాకు కావాలంటే కాలిఫోర్నియాకో న్యూజెర్సీకో మారండి. అక్కడ హెచ్ఎస్ఏకి రాష్ట్ర పన్నులో మినహాయింపు లేదు. ఫెడరల్ పన్నులో ఉందన్న ముక్క పైకి చదవకండి.