నీ పెద్దమనసుకు జోహారు, దొరా!

ఇంగ్లండు దొరా! నీ పెద్దమనసును పొగడకుండా ఉండలేను. ఇంటికొచ్చిన వాడికి పీట వేసే వాళ్ళు ఎక్కడైనా ఉంటారు. నువ్వు గడప తొక్కని వాణ్ణి కూడా కులదైవంగా కొలిచావు. నీ సెయింట్ జార్జ్‌ది నేటి టర్కీలోని కప్పడోసియా అంటారు. నీ నేల మీద ఆయన ఎన్నడూ కాలు మోపలేదు. ఆయన ఎర్ర శిలువ జెండానే భుజాన వేసుకుని, పరాయివాళ్ళు పొమ్మని ఊరేగే నీ బిడ్డల భక్తి ఇంకెవరికి అబ్బుతుంది!

నీ మర్యాద మరీ గొప్పది. 1714లో జర్మనీలోని హానోవర్ నుంచి మొదటి జార్జిని పిలిచి పట్టం కట్టావు. ఆయనకు నీ భాష సరిగా రాకపోయినా సర్దుకున్నావు. కూలికి వచ్చినవాడి దగ్గరే భాష పట్టింపు. మనిషి అంతస్తు ఎరిగి ఆదరించడం నీకే చెల్లింది.

నీ ధర్మబుద్ధికి సాటి లేదు. 1833లో బానిసత్వం రద్దుకు చట్టం చేసి, రెండు కోట్ల పౌండ్ల పరిహారం ప్రకటించావు. వెట్టిచాకిరీతో వెన్ను విరిగిన వాళ్ళకు పైసా లేదు, వాళ్ళ యజమానులకే అంతా. అందుకు చేసిన అప్పు చివరి పౌండు దాకా 2015లో తీర్చేశావు. అప్పిచ్చినవాడి రుణం ఉంచుకోని వంశం నీది.

నీ జాగ్రత్త చూసి మేం నేర్చుకోవాలి. 1845లో నీ అధికారి వాల్టర్ ఇలియట్ అమరావతి స్తూపాన్ని తవ్వించాడు. 1859లో ఆ శిల్పాలు ఓడెక్కాయి. నేడు బ్రిటిష్ మ్యూజియంలో అద్దాల చాటున చల్లగా ఉన్నాయి. బయటికి పోకుండా 1963 చట్టాన్ని కాపలా పెట్టావు. కృష్ణ ఒడ్డున పుట్టిన పిల్ల తన తాతల చెక్కడం చూడాలంటే నీ వీసా అడగాలి. సొమ్ము ఎవరిదైనా ఇంత భద్రంగా దాచేవాళ్ళు అరుదు.

నీ జ్ఞాపకశక్తి కూడా అసాధారణం. 1940 నాటి ఆకాశయుద్ధం, 1966 నాటి ఫుట్‌బాల్ ప్రపంచకప్పు నిన్న జరిగినంత తాజాగా చెబుతావు. వాటి నడుమ 1943లో, నీ ఏలుబడిలోని బెంగాల్లో సుమారు ముప్ఫై లక్షల మంది ఆకలికీ రోగాలకూ బలైన ఏడాది మాత్రం నీ నోట రాదు.

అయినా నిన్ను మెచ్చుకునే కారణం ఒకటి నిజంగా ఉంది. 2021 జూలైలో వెంబ్లీలో యూరో ఫుట్‌బాల్ ఫైనల్లో పెనాల్టీలు తప్పిన ముగ్గురు నల్లజాతి కుర్రాళ్ళను నీవాళ్ళే కొందరు నోటికొచ్చినట్టు తిట్టారు. మాంచెస్టర్‌లో వాళ్ళలో ఒకడైన రాష్‌ఫర్డ్ గోడబొమ్మను ఎవరో పాడుచేస్తే, ఇరుగుపొరుగు వచ్చి ప్రేమ చీటీలతో గోడంతా నింపారు. గర్వపడదలిస్తే ఆ చేతులను చూసి గర్వపడు.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొరకు మా గోదావరి జిల్లాలు ఊరూరా విగ్రహాలు నిలిపాయి. నీవాళ్ళు చేసిన మేలును మేం పద్దు రాసుకున్నాం. చేసిన కీడును నువ్వు రాసుకో, నీ పిల్లల చేత చదివించు. ఆ రోజు నీ జెండాకు నేనూ మనసారా లేచి నిలబడతాను.