అడ్మిన్ గారి చదివింపుల పుస్తకం

చింతలపూడి వాట్సాప్ అడ్మిన్ గారికి నంబరు దొరికితే చాలు. పామాయిల్ గెలల ధర అడిగినవాడు, ఏలూరు బస్సులో పక్క సీట్లో కూర్చున్నవాడు, తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో బేరమాడినవాడు, కొల్లేరు పక్కన చేపల చెరువు కౌలుకు తీసుకున్నవాడు, అందరూ తెల్లారేసరికి ఒకే గ్రూపులో శుభోదయాలు అందుకుంటారు. చేర్చేటప్పుడు ఎవరినీ అడగరు. "నన్ను తీసెయ్యండి" అన్నవాణ్ని మాత్రం వదలకుండా అడుగుతారు: ఎవరైనా ఏమైనా అన్నారా, ఇంట్లో అంతా కులాసాయేనా, పోనీ మ్యూట్‌లో పెట్టుకోరాదా.

దీన్ని పెత్తనం అనుకుంటే పొరపాటే. పెత్తందారు నచ్చనివాణ్ని గెంటేస్తాడు. ఈయన తిట్టినవాణ్నీ గెంటరు. చేతిలో ఉన్నది ఫోనే గానీ బుర్రలో ఉన్నది చదివింపుల పుస్తకం. పెళ్లిలో నూటపదహార్లు రాయించినవాడి పేరు అందులోంచి కొట్టెయ్యడమంటూ ఉండదు. వాళ్లింటి పెళ్లికి తిరిగి చదివించేదాకా ఆ పద్దు బతికే ఉంటుంది. అందుకే "తీసెయ్యండి" అన్నమాట ఆయన చెవికి తెగతెంపుల్లా వినిపిస్తుంది. ఈ సంగతి వాట్సాప్ వాళ్లకు తెలియదు పాపం. 2022లో చప్పుడు చెయ్యకుండా గ్రూపు వదిలే వీలు కల్పించి, కబురు అడ్మిన్లకు మాత్రమే వెళ్తుందన్నారు. ఊరందరికీ తెలిసినా బాధ లేదు, ఎవరికి తెలియకూడదో ఆయనకే చెబితే అదేం గుట్టు? పైగా అదే ఏడాది గ్రూపులో పట్టే జనాన్ని 256 నుంచి 512కీ, ఆపైన 1024కీ పెంచారు. పందిరి పెద్దదైతే పిలుపులు తగ్గుతాయా?

మనల్ని ఎవరు చేర్చుకోవచ్చో నిర్ణయించుకునే సెట్టింగు 2019 నుంచీ ఉందిగా అంటారు తెలిసినవాళ్లు. ఉంది. అందులో మినహాయింపుల జాబితాకు మేనమామ పేరు ఎక్కించే గుండె ఎవరికుంది? చట్టం లేదా అంటారు ఇంకొందరు. మన 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంతే తేలికగా ఉండాలి. వద్దన్నవాడి పేరు రెండు రోజుల్లో తీసెయ్యాలని 2024లో జీమెయిల్ కూడా టోకున మెయిళ్లు పంపేవాళ్లకు నియమం పెట్టింది. కానీ అడ్మిన్ గారు పంపేది మెయిలు కాదు, చేసేది వ్యాపారమూ కాదు. సొంత పనులకూ ఇంటి పనులకూ ఆ చట్టం వర్తించదు. ఆయన లెక్కలో 1024 మందీ ఇంటివాళ్లే.

కనుక బయటపడాలంటే పుస్తకం పద్ధతిలోనే పడాలి, అంటే బాకీ తీర్చాలి. లౌక్యం తెలిసినవాడు గొడవ పెట్టుకోడు. "నా బదులు మా బావమరిదిని వేసుకోండి" అని నంబరు ఇస్తాడు. అడ్మిన్ గారు మారుమాట్లాడకుండా వదిలేస్తారు. బావమరిదికి సంగతి మర్నాడు పొద్దున్నే, పువ్వుల బొమ్మతో సహా తెలుస్తుంది.