లేని శాఖ మంత్రి గారికి

మహారాజశ్రీ హెడ్‌లైట్ల శాఖ మంత్రివర్యుల సముఖానికి,

ఉండి, ఆకివీడు మధ్య ఒక కాలవ గట్టు మీంచి రొయ్యల చెరువు కౌలుదారు ఒకడు రాసుకున్న విన్నపం.

విషయం: మోటారు సైకిలు లైటు, దాని వేడి, నా ఖర్చు గురించి.

అయ్యా,

కరెంటుకి మంత్రి ఉన్నారు, రోడ్లకి ఉన్నారు, రవాణాకీ ఉన్నారు. ఆ ముగ్గురి పనీ రాత్రిపూట నా బండి హెడ్‌లైటు దగ్గరే కలుస్తుంది గానీ, అక్కడ మాత్రం ఎవరూ కనపడరు. అందుకని తమరు ఉన్నట్టే అనుకుని రాస్తున్నాను. లేని మంత్రికి రాసుకుంటే జవాబు రాలేదన్న దిగులుండదు కదండీ.

చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది. ఆ వేళ ఏరేటర్లు ఆగాయంటే రొయ్య తేలుతుంది, మేం మునుగుతాం. కాబట్టి రాత్రి రెండింటికి లేచి ఆరు కిలోమీటర్లు గట్టు మీద వెళ్ళి వస్తుంటాను. ఒక పక్క కాలవ, ఇంకో పక్క బోదె. మధ్యనున్న రోడ్డులో సగం ఆరబోసిన ధాన్యం, దాని చుట్టూ కాపలా పెట్టిన రాళ్ళు, చీకటి రంగులోనే పడుకున్న గేదెలు. ఎదురుగా చేపల లారీ. దాని ముందు ఎన్ని లైట్లుంటాయో ఇంతవరకూ లెక్కపెట్టలేకపోయాను. నేను కళ్ళు తెరిచేసరికి దాని వెనక లైట్లే కనిపిస్తాయి.

నా బండితో వచ్చిన బల్బు 35/35 వాట్లది. ముందు చాటంత వెలుతురు పడేది. లారీ మీద కోపంతో టౌనుకెళ్ళి స్పేర్ పార్టుల కొట్లో 100/90 బల్బు అడిగాను. ‘‘దీని చెవులు మీ హోల్డరుకి పట్టవండి’’ అన్నాడు కుర్రాడు. ఆకురాయి పెట్టి రాస్తే పడతాయన్నాను. అసలు పట్టకుండా చేసినవాడు ఎందుకు చేశాడోనని ఆ పూట తోచలేదు.

మొదటి రాత్రి గట్టంతా పెళ్ళిపందిరిలా ఉంది. మూడో రాత్రి వాసన మొదలైంది. ఎవరో పొలంలో ప్లాస్టిక్ తగలబెడుతున్నారనుకుని ఒక కిలోమీటరు తిట్టుకుంటూ పోయాను. తగలబడేది నా హ్యాండిలు ముందేనని లైటు ఆరిపోయాక తెలిసింది. పొద్దున్నే మెకానిక్కు హెడ్‌లైటు డూమ్ విప్పి చూపించాడు. హోల్డరు పాకంలా కారి బల్బు కాళ్ళకి అతుక్కుపోయింది. రిఫ్లెక్టరు పైభాగంలో, దీపపు గూటికి పట్టిన మసిలా, రూపాయి బిళ్ళంత మచ్చ. ముందున్న ప్లాస్టిక్ అద్దం లేత పసుపు తిరిగింది.

‘‘గురువుగారూ, ఈ వైరు చూడండి. మూడు ఆంపియర్లకి వేసింది. దీనిమీద ఎనిమిది లాగించారు’’ అన్నాడు.

‘‘అంటే మూడింతలు వేడెక్కుతుందంటావా?’’

‘‘ఆయ్, మూడింతలైతే బాగానే ఉండునండి. కరెంటు ఎన్నింతలైతే వేడి అన్నింతలకన్నింతలు. లెక్కేస్తే ఏడింతల పైనే తేలుతుంది.’’

అసలు హాలోజెన్ బల్బు బతికేదే వేడి మీద. లోపలి గాజు సుమారు 250 డిగ్రీలు దాటి కాలితేనే, తీగ నుంచి ఆవిరైన టంగ్‌స్టన్ గాజుకి అంటకుండా మళ్ళీ తీగ దగ్గరికి చేరుతుంది. తాగిన కరెంటులో వెలుతురయ్యేది పదో వంతు కూడా ఉండదు, మిగతాదంతా వేడే. నా 100 వాట్ల బల్బు కింద కోడిపిల్లల్ని పెంచుకోవచ్చన్నమాట. దానికి తోడు గాజుని చేత్తో పట్టుకున్నాను. జిడ్డు అంటిన చోట గాజు మరింత కాలి పగులుతుందట. నా వేళ్ళకేమో ఎప్పుడూ చేపనూనె కలిసిన రొయ్యల మేత.

బుద్ధొచ్చి ఎల్‌ఈడీకి మారాను. అది కరెంటు తక్కువ తాగుతుంది, అద్దం చల్లగా ఉంటుంది. వేడంతా బల్బు వీపున ఉంటుందని, అందుకే వెనక చిన్న ఫ్యాను పెట్టారని తర్వాత తెలిసింది. ఆ ఫ్యాను పట్టదని రబ్బరు మూత కోశాం. కోసిన కంతలోంచి వానాకాలం మొదటి వారంలోనే నీళ్ళూ ఉసిళ్ళూ లోపలికి చేరాయి. ఉసిళ్ళ రెక్కలు చుట్టుకుని ఫ్యాను ఆగిపోతే, లైటు పది నిమిషాలు వెలిగి నీరసించేది.

అంతకంటే చిత్రమేమిటంటే, తాటిచెట్ల మీద గీజిగాడి గూళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేంత బాగా కనపడ్డాయి. గుంట మాత్రం కనపడలేదు. పాత బల్బులో డిమ్ము తీగ కింద చిన్న లోహపు గిన్నె ఉంటుంది. ఎదుటివాడి కళ్ళలోకి ఎగిరే వెలుతురుని అది ఆపుతుంది. రిఫ్లెక్టరు కూడా ఆ తీగ ఉన్న చోటును బట్టి చేసిందే. ఎల్‌ఈడీ చిప్పు అక్కడికి కాస్త అటూ ఇటూ అయితే వెలుతురు చెట్లెక్కుతుంది. ఒక రాత్రి ఎదురొచ్చిన మోపెడ్ పెద్దాయన బోదెలోకి దిగిపోయి, బురదలో నిలబడే నన్నూ మా వంశాన్నీ పలకరించాడు. లారీవాణ్ణి నేను అనుకునే మాటలే. ఒక్కటీ మారలేదు.

చివరికి మెకానిక్కు మీటరు పెట్టాడు. ఇంజను నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 13.4 వోల్టులు, హోల్డరు దగ్గర 12. మిగతాది స్విచ్చులో, తుప్పుపట్టిన కనెక్టరులో, సన్న వైరులో వేడిగా పోతోంది. వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుతురు పదింట మూడు వంతులు పోతుందని అప్పుడు చెప్పాడు. ముందే చెప్పొచ్చు కదయ్యా అంటే, ‘‘బల్బు అడిగారు గానీ మీటరు అడగలేదు కదండీ’’ అన్నాడు. బ్యాటరీ నుంచి నేరుగా మందం వైరు లాగి, మొదట్లోనే ఫ్యూజు పెట్టి, డిమ్ముకొకటి బ్రైటుకొకటి రిలేలు కట్టాడు. హోల్డరు పింగాణీది. బల్బు ఏదంటారా? మొదట తీసి పారేయబోయిన పాతదే, 35/35.

ఇక తమరితో పని. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వ నిబంధన కింద ఒక మనిషి నిలబడి ఉన్నాడు. లైటుకి ఎనిమిది మీటర్ల దూరం, అర మీటరు కుడి పక్కగా, కళ్ళు నేలకి మీటరున్నర ఎత్తున. ఆయన కళ్ళు చెదరకూడదని చట్టం. అప్పట్నుంచీ అలాగే నిలబడ్డాడు గానీ, ఏ రోడ్డు మీదో ఎవరూ చెప్పలేదు. దయచేసి ఆయన్ని ఒక్క రాత్రికి మా గట్టుకి డెప్యుటేషన్ మీద పంపండి. చేపల లారీలకి ఎదురుగా నిలబెడతాం. నల్లద్దాలు తెచ్చుకోనివ్వం.

ఇంకో చిన్న సంగతి. 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకి పగలూ లైటు వెలగాల్సిందేనన్నారు, బాగుంది. కానీ మా మేనల్లుడి కొత్త బండి చూసి ఊళ్ళో వాళ్ళు ఇప్పటికీ ఎదురొచ్చి, వేళ్ళు ముడిచి విప్పి, ‘లైటు, లైటు’ అని సైగ చేస్తున్నారు. వాడు ఆర్పేందుకు స్విచ్చు లేదని అందరికీ చెప్పలేక తల ఊపుతున్నాడు. మే నెలలో గేటు పడి రైలు కోసం ఆగినప్పుడు గాలి ఆడక డూమ్ కాలిపోతుంటుంది. ఆ వేడిని ఏ శాఖ చూస్తుందో కూడా సెలవియ్యండి.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
బోదెలో దిగిన పెద్దాయనకి ఇంకా క్షమాపణ చెప్పుకోనివాడు

జతపరచినవి: కరిగిన హోల్డరు ఒకటి. ఉసిళ్ళ రెక్కలతో సహా ఫ్యాను ఒకటి.