నల్లబట్టల వాలంటీర్లు

ఫ్యాషన్ షోలో డ్రెస్సర్ అని ఒక కొలువుంది. మోడల్ ర్యాంప్ మీద నడిచి, మలుపు తిరిగి, నవ్వకుండా వెనక్కి వచ్చేసరికి రెండో జత సిద్ధంగా పట్టుకుని నిలబడాలి. హ్యాంగర్ల స్టాండుకు అంటించిన ఫొటో చూసి ఏ చీరకు ఏ గాజులో, ఏ గౌనుకు ఏ చెప్పులో పోల్చుకోవాలి. మనిషి రాగానే ఒకటి ఊడదీసి ఇంకొకటి తొడిగి, జిప్పు లాగి, కుచ్చిళ్లకు పిన్నీసు గుచ్చి, లిప్‌స్టిక్ బట్టకు అంటకుండా చూసి, నిమిషంలో మళ్లీ వెలుగులోకి నెట్టాలి. మంత్రసానికి కూడా ఇంత తొందర ఉండదు. పైగా ఆవిడకు చీరా రవికా పెడతారు. డ్రెస్సర్‌కు పెట్టేది సర్టిఫికెట్. ఈ పని చాలాచోట్ల ఫ్యాషన్ కోర్సు చదివే పిల్లల చేత వాలంటీర్ పేరుతో చేయిస్తారు. మన ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు వాలంటీర్ల పుణ్యమా అని వాలంటీర్ అనే మాటకు 2019లో నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం కట్టారు. అది చాలదని గొడవా జరిగింది. ర్యాంప్ వెనక వాలంటీర్‌కు ఆ గొడవ పెట్టుకునే వీలు కూడా లేదు. సున్నాను పెంచమని ఎవరడుగుతారు?

వేషం కట్టించడం చిన్న పని కాబట్టి ఊరికే చేయించుకోవచ్చు అనుకునేవాళ్లు ఒకసారి మొవ్వ మండలం కూచిపూడి దాకా రావాలి. నాట్యశాస్త్రం అభినయాన్ని నాలుగుగా పంచి, అందులో ఒక వాటా ఆహార్యానికి, అంటే వేషానికి, రాసిచ్చింది. కూచిపూడి ఆ వాటాను ఎగ్గొట్టలేదు. వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామగా వస్తే ఆడవాళ్లే అసూయపడ్డారని చెప్పుకుంటారు. 1970లో పద్మశ్రీ వచ్చింది. ఆ నడకా, ఆ కంటిచూపూ ఆయనవే. కానీ అర్దళం పూసి, నాగరం, చంద్రవంక, జడగంటలు కట్టకుండా మగవాడు భామ కాలేడు. ఆ జడను తెర మీదుగా సభలోకి వేసి, నన్ను ఓడించగలవాడెవడైనా ఉంటే కోసుకోండి అని సవాలు చేయడం భామాకలాపం మర్యాద. మొహం కనిపించకముందే జడ కనిపిస్తుంది. అంటే భామ కంటే ముందు ప్రవేశం జడ వేసినవాడి పనితనానిదే. ఆ తెర సంగతి ఇంకా చిత్రం. దాన్ని చెరో కొసా పట్టుకునే ఇద్దరూ సభ ఎదుటే నిలబడతారు. సూత్రధారుడు మేళాన్ని నడుపుతూనే భామ చెలికత్తె మాధవిగానూ మాట్లాడతాడు. తెర ముందువాడు, తెర వెనకవాడు అన్న భేదాన్ని ఈ కృష్ణా డెల్టా మరీ అంత పట్టించుకోలేదన్నమాట. పెద్ద ఊళ్లు వచ్చి నేర్పాయి.

పిల్లలు నేర్చుకుంటారు కదా అంటారు. నేర్చుకుంటారు, సందేహం లేదు. హుక్కు ఎటు తిప్పాలో, పిన్నీసు ఎక్కడ కనపడకూడదో మొదటి గంటలోనే వచ్చేస్తుంది. మిగతా గంటలన్నీ చాకిరీ. ఐటీఐ కుర్రాడు లేతు మిషను దగ్గర నేర్చుకుంటూనే స్టైపెండు పుచ్చుకుంటాడు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం అలాగే చెప్పింది. నట్టు బిగించడం నేర్చుకుంటే డబ్బులూ, హుక్కు బిగించడం నేర్చుకుంటే ఆశీస్సులూనా? ఎక్స్‌పోజర్ వస్తుందన్నది ఇంకో మాట. పెడనలో అద్దకం పనివాళ్లు కరక్కాయ నీళ్లలో తడిపిన గుడ్డను ఎండలో ఆరేస్తారు. అక్కడ ఎక్స్‌పోజర్ గుడ్డకే ఇస్తారు. అచ్చు వేసిన మనిషికి కూలి ఇస్తారు. (ఎంత ఇస్తారన్నది వేరే కాలమ్.)

ఇంతకంటే బరువైన వాదన ఒకటుంది. సేవకు వెల కట్టడమేమిటి, దివిసీమ వాళ్లయి ఉండి ఇదా మాట్లాడేది, అని. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి వేలమందిని ఊడ్చుకుపోయినప్పుడు, ముక్కుకు గుడ్డ కట్టుకుని శవాలు మోసిన కుర్రాళ్లు రేటు అడగలేదు. నిజమే. ఎందుకంటే అవనిగడ్డలో, నాగాయలంకలో అప్పుడు ఇవ్వడానికి ఎవరి దగ్గరా ఏమీ మిగల్లేదు. స్వచ్ఛంద సేవకు మొదటి లక్షణం అదే, పుచ్చుకునేవాడికి లేకపోవడం. టిక్కెట్లు అమ్మి, స్పాన్సర్ల పేర్లు గోడంతా రాసి, లైట్లకూ డీజేకూ అడ్వాన్సు ఇచ్చి, జిప్పు లాగే అమ్మాయి దగ్గరకు వచ్చేసరికి జేబు తడుముకునేవాణ్ణి ఉప్పెన బాధితుడని ఎలా అనుకోవాలి? గుడివాడలో బడి వార్షికోత్సవానికి తల్లులు పిల్లలకు వేషాలు కడితే అది వేరే సంగతి. వాళ్ల పిల్లలు, వాళ్ల పిన్నీసులు. 2010 డిసెంబరులో హైదరాబాదులో 2,800 మందికి పైగా ఒకేసారి కూచిపూడి ఆడి గిన్నిస్‌కెక్కారు. పాదాలు లెక్కపెట్టారు గానీ జడలు వేసిన చేతులను లెక్కపెట్టలేదు. దానిమీద కూడా పెద్ద పేచీ లేదు. అక్కడ ఎవరూ జడకింత అని అమ్ముకోలేదు.

బట్టకు పేరుండి చేతికి పేరు లేకపోవడం బందరుకు కొత్తేమీ కాదు. ఇంగ్లీషువాళ్లు 1611లో ఇక్కడ కొట్టు పెట్టారు. ఇండియా అద్దకాల మోజు ఎంత ముదిరిందంటే, తమ నేతగాళ్లు మునిగిపోతున్నారని ఫ్రాన్సు 1686లోనూ, ఇంగ్లండు 1721లోనూ చట్టాలు చేసి వాటిని ఆపాల్సి వచ్చింది. నిషేధించినవాళ్ల పేర్లు చరిత్రలో ఉన్నాయి. చిరివేరుతో ఎరుపు తేల్చినవాడి పేరు ఏ పుటలోనూ లేదు. ఇప్పుడు అదే పెడన గుడ్డ ర్యాంప్ ఎక్కితే డిజైనర్ పేరుతో నడుస్తుంది, దాన్ని తొడిగిన పిల్ల పేరు లేకుండా.

డ్రెస్సర్లకు ఇచ్చే సూచనల్లో మామూలుగా ఒకటుంటుంది: నల్ల బట్టలు వేసుకు రావాలి, ఎవరి కంటా పడకూడదు. ఆ నల్ల బట్టలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. అడిగేది రెండే, రోజు కూలీ, కరపత్రంలో ఒక వరుస. కుదరదంటారా, అలాగే కానివ్వండి. ఆఖరి నడకలో డిజైనర్‌గారు చెయ్యి ఊపుతూ వచ్చేముందు, ఇరవైమంది మోడళ్ల వీపుల మీద జిప్పులు తమరే ఒక్కొక్కటీ లాగి రమ్మనండి.