పక్కవాళ్ల కాళ్లు చూసి కొన్న పెడళ్లు

సైకిల్ గురించి నాకు అంతా తెలుసనుకున్న రోజుల్లో చేసిన తెలివితక్కువ పని ఇది. ఫ్రేమ్, గేర్లు, బ్రేకులు, టైర్లు అన్నిటి గురించీ చదివాను, తెలిసినవాళ్లను అడిగాను, ఆచితూచి ఎంచుకున్నాను. పెడళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరో తొక్కుతుంటే చూసి మోజుపడి కొనేశాను. గుట్టల మీద తొక్కేవాడు సీటు మీద కూర్చునేది తక్కువ. దిగుడులో ఒళ్లంతా లేపి నిలబడతాడు. అప్పుడు మనిషి బరువు మోసేవి ఆ రెండు పెడళ్లే. వాటినే నేను లెక్కలోకి తీసుకోలేదు.

మాది బోరబండ. సైట్-3 వైపు గల్లీల్లో సైకిల్ తొక్కినవాళ్లకు ఎక్కుడు అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక్కడి నుంచి పర్వత్‌నగర్, మాదాపూర్ మీదుగా ఖాజాగూడ గుట్టల దాకా వెళ్లి తొక్కాలన్నది నా కోరిక. అవి దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు బండలు. వాటి మీద ఎండకూ వానకూ రాలిన మొరం పరుచుకుని ఉంటుంది. బండ చక్రాన్ని పట్టుకుంటుంది, మొరం జార్చేస్తుంది. పది గజాలకోసారి వేగం తగ్గించాలి, ఆగాలి, మళ్లీ ఎత్తుకోవాలి.

నేను మోజుపడిన పెడళ్లు వేరే దారివి. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు, పైన సోలార్ పలకల కప్పుతో. అక్కడ రోడ్ బైకుల మీద దూసుకుపోయేవాళ్లను చూశాను. వాళ్ల బూట్ల అడుగున క్లీట్ అనే చిన్న బిళ్ల ఉంటుంది. అది పెడల్ స్ప్రింగులో టక్కున కూర్చుంటుంది. ఇక కాలూ పెడలూ ఒకటే. తీయాలంటే మడమను బయటికి తిప్పాలి. బల్లపరుపు రోడ్డు మీద, మధ్యలో ఆగే పని లేనిచోట, అంతకన్నా సుఖం లేదు. వాళ్ల వేగమంతా ఆ పెడళ్లదే అనుకున్నాను. వాళ్ల దారేమిటో, నా దారేమిటో ఆలోచించలేదు.

గుట్టలకు పనికొచ్చే రకం కూడా ఉంది. షిమానో కంపెనీ 1990లో తెచ్చిన ఎస్‌పీడీ అలాంటిదే. రెండు బోల్టుల చిన్న క్లీట్ బూటు అడుగున లోపలికి ఉంటుంది కాబట్టి దిగి నడవొచ్చు కూడా. నేను కొన్నదీ అదే. అయితే అందులోనూ క్లీట్లు రెండు రకాలు. ఎస్‌హెచ్ 51 అయితే మడమ పక్కకు తిప్పితేనే విడుతుంది. ఎస్‌హెచ్ 56 అయితే కంగారులో కాలు గట్టిగా పైకి లాగినా విడివడే వీలుంది. కొత్తవాళ్లకు రెండోది నయం. ఈ తేడా తెలుసుకోకుండానే మొదటిది బిగించుకుని బయల్దేరాను.

ఖాజాగూడలో ఒక ఎక్కుడు సగంలో వెనక చక్రం మొరం మీద జారి గిర్రున తిరిగింది. సైకిల్ ఆగిపోయింది. అలాంటప్పుడు ఎవరి కాలైనా తనంతట తాను పైకి లేస్తుంది. చిన్నప్పటి నుంచి నేర్చిన అలవాటు అది. మడమ తిప్పాలన్న సంగతి బుర్రకు తట్టేలోపే నేను బండ మీద పక్కకు పడిపోయాను. మోచెయ్యి చీరుకుపోయింది, మణికట్టు వాచింది. వేగంగా పోతూ పడింది కాదు, కదలకుండా నిలబడ్డచోట పడిన పడడం.

అసలు మూర్ఖత్వం దాని తరవాతది. తప్పు పెడల్‌ది కాదు, స్ప్రింగు బిగువుదేనని తేల్చుకున్నాను. అలెన్ కీతో స్ప్రింగును పూర్తిగా వదులు చేశాను. దాంతో ఎక్కుడులో కాలు సులువుగానే వచ్చేది, దిగుడులో మాత్రం రాళ్ల కుదుపుకు అడగకుండానే ఊడిపోయేది. చివరికి ఆ పెడళ్లు తీసేసి, సైకిల్‌తో పాటు వచ్చిన పాతవి నేనే బిగించబోయాను. ఎడమవైపు బిగుసుకోకపోతే బలం చాలలేదనుకుని స్పానర్‌తో అదిమి తిప్పాను. పెడల్ ఇరుసు ఉక్కుది, అది బిగిసే చెయ్యి, అంటే క్రాంక్, అల్యూమినియంది. మరలు కొరుక్కుపోయాయి.

మోతీనగర్‌లో సైకిళ్లు బాగుచేసే ఒక పెద్దాయన దాన్ని చూసి అన్నాడు: "తమ్మీ, ఎడమ పెడల్ ఉల్టా తిప్పాలె. గిది కొత్త బండ్లకే కాదు, పాత అట్లాస్ సైకిల్‌కు గూడ గంతే." తొక్కేటప్పుడు తిరిగే బరువుకు మర మెల్లగా వదులవుతుంది. అలా వదులవకూడదనే ఎడమవైపు మర ఎదురు దిశలో కోస్తారు. స్పానర్‌ను పైకి నిలబెట్టి ముందు చక్రం వైపు లాగితే రెండువైపులా పెడల్ బిగుస్తుంది. వెనక్కి లాగితే ఊడుతుంది. మరలకు కాస్త గ్రీజు రాయాలి. ఇంత చిన్న సంగతి అడగడానికి నామోషీ పడినందుకు కొత్త క్రాంక్ కొనాల్సి వచ్చింది.

ఇప్పుడు నా సైకిల్‌కు ఉన్నవి వెడల్పాటి ఫ్లాట్ పెడళ్లు. నైలాన్‌వి. రెండువైపులా లోహపు పిన్నులు ఉంటాయి. మధ్యలో కొంచెం గుంటగా ఉండేవైతే అరికాలు కుదురుకుంటుంది. మెత్తటి రన్నింగ్ బూట్లు వీటికి సరిపడవు. అడుగు బల్లపరుపుగా, కాస్త గట్టిగా, రబ్బరు పట్టు ఇచ్చేదిగా ఉండాలి. కాలు జారితే పిన్నులు మోకాలి కింద ఎముకను గీరేస్తాయి, అందుకని షిన్ గార్డులు వేసుకుంటాను. దిగుడులో మడమలు కిందికి దించి బరువంతా పెడళ్ల మీద మోపడం వీటి మీదే నేర్చుకున్నాను. రాయి దాటించడానికి సైకిల్‌ను ఎత్తడం కూడా అంతే. ముందు కట్టేసిన కాళ్లతో పైకి లాగేవాణ్ని, అదే విద్య అనుకునేవాణ్ని. ఇప్పుడు పాదాలతో పెడల్‌ను వెనక్కి నొక్కి ఎత్తడం వచ్చింది. నాకు రాని విద్యను ఆ పెడళ్లు కప్పిపుచ్చాయి. వాటివల్ల జరిగిన పెద్ద నష్టం అదే.

ఫ్లాట్ పెడళ్లు నేర్చుకునేవాళ్లకే అనుకుంటే పొరపాటు. ఆస్ట్రేలియా రైడర్ శామ్ హిల్ 2006, 2007, 2010లో డౌన్‌హిల్ ప్రపంచ ఛాంపియన్ అయింది ఫ్లాట్ పెడళ్ల మీదే. 2017 నుంచి 2019 దాకా వరసగా మూడేళ్లు ఎండ్యూరో వరల్డ్ సిరీస్ గెలిచిందీ వాటి మీదే. అలాగని క్లీట్లు చెడ్డవని అనను. 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న క్రాస్ కంట్రీ పందెంలో వాటిదే రాజ్యం. ఎక్కువ దూరం ఆగకుండా తొక్కే కాలికి అవి నిజంగా బలం. అయితే ఆ కాలు ముందు ఫ్లాట్ల మీద పని నేర్చుకోవాలి.

గుట్టలకు వెళ్లాలనుకునే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా మాట ఒకటే. పెడళ్లు కొనేముందు మీరు తొక్కబోయే దారిలో ఒకసారి నడవండి. కాలు కింద పెట్టాల్సిన చోట్లు ఎన్ని ఉన్నాయో చూడండి. చాలా ఉంటే ఫ్లాట్ పెడళ్లు కొనండి, మంచి అడుగున్న బూట్లు కొనండి. క్లీట్లే కావాలనిపిస్తే గోడ పట్టుకుని నిలబడి, తరవాత గడ్డి మైదానంలో, మడమ తిప్పడం కాలికి అలవాటయ్యే దాకా సాధన చేయండి. బండ మీద మాత్రం మొదలుపెట్టకండి.